అంతరిక్ష నౌకకు గొంతునిచ్చిన పనితనం

2023 ఆగస్టు 27న చంద్రుడి మీద చంద్రయాన్-3కి చెందిన ప్రజ్ఞాన్ రోవర్‌కు దారిలో ఒక గొయ్యి అడ్డొచ్చింది. మర్నాడు ఇస్రో ఆ సంగతిని ఎక్స్‌లో నాలుగు ముక్కల్లో చెప్పింది. గొయ్యి వ్యాసం 4 మీటర్లు. రోవర్‌కు అది 3 మీటర్ల ముందుంది. వచ్చిన దారినే వెనక్కి మళ్లమని రోవర్‌కు ఆదేశం ఇచ్చారు. ఇప్పుడది కొత్త దారిలో క్షేమంగా వెళ్తోంది. దానికి జతగా ఫొటోలు: ఎదురుగా ఉన్న గొయ్యి ఒకదానిలో, రోవర్ వెనక్కి మళ్లిన దారి మరోదానిలో.

ఈ సందేశాన్ని ఎన్నిసార్లు చదివినా రాసినవాళ్ల మీద గౌరవం పెరుగుతూనే ఉంటుంది. ఆరు చక్రాల మీద నడిచే 26 కిలోల చిన్న బండి. దాని ప్రతి కదలికనూ ఊపిరి బిగబట్టి చూస్తున్న దేశం. ఎదురుగా గొయ్యి. ఉత్కంఠ పుట్టించడానికి ఇంతకు మించిన సరుకు అక్కర్లేదు. అయినా అందులో త్రుటిలో తప్పిన ముప్పు అనే మాట లేదు, శాస్త్రవేత్తల సమయస్ఫూర్తి అనే పొగడ్త లేదు. ఉన్నవి రెండు కొలతలు. 4 మీటర్ల గొయ్యి 3 మీటర్ల దూరంలో ఉందనగానే దృశ్యం దానంతటదే కళ్లకు కడుతుంది. ఆ వెంటనే ఏం చేశారో చెప్పారు, ఇప్పుడెలా ఉందో చెప్పారు, రుజువు చూపించారు. ఈ వరసలో ఏ ఒక్కటి జారినా జనానికి కంగారే మిగిలేది.

సోషల్ మీడియా వచ్చాక పౌరసంబంధాల వృత్తిలోకి పనిముట్లు వెల్లువెత్తాయి. బ్లాగు, ఫేస్‌బుక్ పేజీ, ట్విటర్ (ఇప్పుడు ఎక్స్) ఖాతా, లైవ్ ప్రసారం, పోస్టును ముందే రాసిపెట్టి అనుకున్న వేళకు వదిలే సదుపాయం, జనం ఏమనుకుంటున్నారో లెక్కగట్టే డాష్‌బోర్డులు. ఇవన్నీ ఇవాళ ప్రతి పీఆర్వో చేతిలోనూ ఉన్నవే. వీటితో చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా మిన్నగా కనిపించేది అంతరిక్ష సంస్థలు చేసిన పని. మాట రాని యంత్రానికి గొంతునిచ్చి, ఆ గొంతుతో ఉన్నదానికి మించి ఒక్క మాటా పలికించకుండా కోట్ల మందిని దగ్గర చేసుకున్నారు. ఆప్యాయతనూ కచ్చితత్వాన్నీ ఒకదానికొకటి అడ్డు రాకుండా నడిపించడమే వాళ్ల విద్య.

తొలి పలుకు

ఈ విద్యకు తొలి పాఠశాల అమెరికాలోని పాసడీనాలో ఉన్న జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ. అక్కడ మీడియా వ్యవహారాలు చూసే వెరోనికా మెక్‌గ్రెగర్ 2008 మేలో ఫీనిక్స్ ల్యాండర్ పేరిట ట్విటర్ ఖాతా తెరిచారు. ఫీనిక్స్ అంగారకుడి మీద దిగాల్సింది మే 25న. అమెరికాలో అది మెమోరియల్ డే వారాంతం. జనం కంప్యూటర్ల ముందు కూర్చోకుండా ఊళ్లు తిరిగే రోజులవి. ట్విటర్ సందేశాలు అప్పట్లో ఎస్సెమ్మెస్ రూపంలో మామూలు ఫోనుకు కూడా వచ్చేవి. జనం ఉన్నచోటికే కబురు వెళ్లాలంటే అదే దారి. కొత్త పనిముట్టు వచ్చింది కదా అని వాడలేదు. తమ పాఠకుడు ఆ రోజు ఎక్కడుంటాడో ఆలోచించి, దానికి సరిపడే పనిముట్టును ఎంచుకున్నారు.

ఫీనిక్స్ చేత 'నేను' అనిపించడం వెనుకా అలాంటి లెక్కే ఉంది. ఒక్కో సందేశానికి 140 అక్షరాలే హద్దు. ఫీనిక్స్ అంతరిక్ష నౌక అని ప్రతిసారీ రాస్తే అక్షరాలు అక్కడే ఖర్చయిపోతాయి. ఇంగ్లీషులో 'నేను'కు ఒక్క అక్షరం చాలు. చోటు మిగుల్చుకోవడానికి వేసిన ఎత్తు కాస్తా ఒక వ్యక్తిత్వాన్ని పుట్టించింది. జనం ఆ యంత్రాన్ని పలకరించడం మొదలుపెట్టారు. చలిగా ఉందా, తవ్వితే ఏం దొరికింది, ఇంటికి ఎప్పుడొస్తావు అని అడిగారు. వచ్చిన ప్రశ్నలకు మెక్‌గ్రెగర్ ఓపిగ్గా జవాబులు రాశారు. ప్రకటన ఇచ్చి తలుపు వేసుకునే పద్ధతి పోయి, గుమ్మంలో నిలబడి మాట్లాడే పద్ధతి వచ్చింది.

ఫీనిక్స్ సందేశాల్లో పేరుపడ్డది 2008 జూన్ 19 నాటిది. మంచు దొరికిందని, అదీ నీటి మంచేనని, ఇంతకంటే మంచి రోజు లేదని ఆ ల్యాండర్ కేరింతలు కొట్టింది. ఆశ్చర్యార్థకాలు వరసగా పేర్చిన ఆ సందేశం పైకి చిన్నపిల్లల సంబరంలా ఉంటుంది. దాని కింద ఉన్న పునాది చూడాలి. ఫీనిక్స్ తవ్విన కందకంలో పాచికలంత తెల్లటి ముక్కలు కొన్ని కనిపించాయి. అవి ఉప్పో మంచో తెలియదు. నాలుగు రోజుల తర్వాత తీసిన ఫొటోలో ఆ ముక్కలు మాయమయ్యాయి. ఉప్పయితే అలా మాయం కాదు. అంగారకుడి పలుచని గాలిలో మంచు నీరుగా మారకుండానే ఆవిరైపోతుంది. శాస్త్రవేత్తలు ఆ నిర్ధారణకు వచ్చాకే యంత్రం కేక వేసింది. తెల్లటి ముక్కలు కనిపించిన నాడే కేక వేసి ఉంటే వార్త నాలుగు రోజులు ముందు వచ్చేది, నమ్మకం మాత్రం వచ్చేది కాదు. సంబరాన్ని సాక్ష్యం వచ్చేదాకా ఆపి ఉంచగలగడం ఈ పనిలో మొదటి నైపుణ్యం.

ఫీనిక్స్ ముగింపూ అంతే పద్ధతిగా జరిగింది. ధ్రువప్రాంతపు చలికాలం ముదిరేకొద్దీ సూర్యకాంతి తగ్గి, సౌరఫలకాలకు శక్తి చాలదని అందరికీ ముందే తెలుసు. నవంబరు 2న చివరి సంకేతం అందింది. 10న మిషన్ ముగిసిందని ప్రకటించారు. ఆ రోజు ఖాతాలో కనిపించిన సందేశం సున్నాలు, ఒకట్ల వరస. కంప్యూటర్ భాష తెలిసినవాళ్లు విప్పి చదివితే 'విజయం' అనే అర్థమిచ్చే ఒక్క ఇంగ్లీషు మాట, పక్కన హృదయం గుర్తు. ఏడుపు లేదు, వీడ్కోలు ప్రసంగం లేదు. యంత్రం యంత్రంలాగే మాట్లాడి వెళ్లిపోయింది. చదివినవాళ్లే దానిలో తమ మనసు పోసుకున్నారు.

పలకని మాటలూ జనంలోకి వెళ్తాయి

యంత్రానికి గొంతునివ్వడంలో ప్రమాదమూ ఉంది. ఆపర్చునిటీ రోవర్ 2004 జనవరిలో అంగారకుడి మీద దిగింది. 90 రోజులు పనిచేస్తే చాలనుకున్నది 14 ఏళ్లకు పైగా తిరిగింది. 2018 జూన్‌లో ధూళి తుఫాను కమ్ముకుని మూగబోయింది. 2019 ఫిబ్రవరి 13న నాసా దాని కథ ముగిసిందని చెప్పింది. అప్పుడే ప్రపంచమంతా ఒక మాట పాకింది. బ్యాటరీ తక్కువగా ఉంది, చీకటి పడుతోంది అన్నదే ఆ రోవర్ చివరి మాట అని. నిజానికి రోవర్ పంపింది అంకెలే: ఎంత శక్తి మిగిలింది, ఆకాశం ఎంత మసకబారింది అని. ఆ అంకెల భావాన్ని ఒక విలేకరి తన మాటల్లో చెప్పాడు. జనం దాన్ని రోవర్ సొంత వాక్యంగా పట్టుకుని కన్నీళ్లు పెట్టుకున్నారు.

గొంతు ఎంత బలమైనదో ఇక్కడ తెలుస్తుంది. ఒకసారి 'నేను' అనిపించాక, అనని మాటలు కూడా ఆ నోటికి అంటుకుంటాయి. అందుకే ఆ గొంతును నడిపేవాళ్లు ప్రతి వాక్యంలో ఏది కొలత, ఏది భావన అన్న గీతను తుడిచిపెట్టకూడదు.

ఆ గీతను చక్కగా కాపాడినవాళ్లు ఐరోపా అంతరిక్ష సంస్థ వాళ్లు. 2014 నవంబరు 12న రొసెట్టా నౌక నుంచి విడిపోయిన ఫిలే ల్యాండర్ 67పీ తోకచుక్క మీద దిగింది. రెండు యంత్రాలకూ వేర్వేరు ఖాతాలు, వేర్వేరు స్వభావాలు. రొసెట్టా అక్కయ్య వంటిది, ఫిలే దుడుకు తమ్ముడు. పిల్లల కోసం బొమ్మల కథలు కూడా ముందునుంచే వదులుతూ వచ్చారు కాబట్టి దిగే రోజుకు జనానికి ఇద్దరూ సొంతవాళ్లయిపోయారు. ఫిలే దిగానని ప్రకటించింది. కానీ తోకచుక్కను పట్టుకోవాల్సిన హార్పూన్లు పేలలేదు, ల్యాండర్ బంతిలా ఎగిరి దాదాపు రెండు గంటలు తేలి ఎక్కడో కొండచరియ నీడలో పడింది. ఈ సంగతిని దాచలేదు. ఒకసారి కాదు, రెండుసార్లు దిగినట్టున్నామని బృందం ఆ రోజే నిండు సభలో చెప్పింది. నీడలో పడ్డందువల్ల సూర్యకాంతి చాలక బ్యాటరీ రెండున్నర రోజుల్లోనే అయిపోయింది. చివర్లో ఫిలే, నా సమాచారమంతా అందిందా, కాస్త కునుకు తీస్తాను అనే భావంతో రొసెట్టాకు కబురు పెట్టింది. ఎంత ఆప్యాయంగా ఉన్నా అందులోని రెండు ముక్కలూ సాంకేతికంగా నిజమే. సమాచారం అందింది, యంత్రం నిద్రావస్థలోకి వెళ్లింది. చనిపోయాను అనలేదు. 2015 జూన్‌లో ఫిలే నుంచి మళ్లీ సంకేతాలు వచ్చినప్పుడు, ముందు చెప్పిన మాటను దిద్దుకోవాల్సిన అవసరమే రాలేదు.

శ్రీహరికోట నుంచి బయల్దేరిన గొంతు

మన దగ్గర ఈ పనితనం అంగారక నౌక మంగళయాన్‌తో వెలుగులోకి వచ్చింది. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ25 మీద అది వెళ్లింది. ఆరు రోజులకే ఒక అపశ్రుతి. నాలుగోసారి కక్ష్య పెంచినప్పుడు వేగం సెకనుకు 130 మీటర్లు పెరగాల్సింది 35 మీటర్లే పెరిగింది. ఇస్రో ఆ రెండు అంకెలనూ పక్కపక్కనే పెట్టి ప్రకటించింది. కక్ష్యలోని దూరపు బిందువు 71,623 కిలోమీటర్ల నుంచి 78,276 కిలోమీటర్లకే చేరిందని, నౌక ఆరోగ్యంగా ఉందని, మిగిలిన పెంపు కోసం మర్నాడు మళ్లీ ఇంజన్ మండిస్తామని చెప్పింది. అన్నట్టే మర్నాడు లక్ష కిలోమీటర్లు దాటించింది. అనుకున్నదీ అయినదీ ఒకే వాక్యంలో చెప్పే ధైర్యం పీఆర్ పనిలో అరుదు. అనుకున్నదాన్ని దాచి అయినదాన్ని గొప్పగా చెప్పడమే ఎక్కువచోట్ల అలవాటు. ఇస్రో ఆ రోజు వేసిన పునాది మీదే తర్వాతి పది నెలల నమ్మకం నిలబడింది.

2014 సెప్టెంబరు 24 ఉదయం నౌక అంగారకుడి కక్ష్యలోకి చేరింది. ఇంజన్ మండుతుండగానే నౌక గ్రహం చాటుకు వెళ్లింది, సంకేతాలు తెగిపోయాయి. అటునుంచి కబురు భూమికి రావడానికే పన్నెండు నిమిషాలకు పైగా పట్టే దూరం. ఫలితం చేతికందాకే ట్విటర్‌లో మంగళయాన్ నోరు తెరిచింది, అదీ పొడుపుకథతో. ఎర్రగా ఉంటుంది, గ్రహమే, నా కక్ష్యకు నాభి, ఏమిటది? ఇందులో చమత్కారమే కాదు, గణితమూ ఉంది. దీర్ఘవృత్తాకార కక్ష్యలో గ్రహం ఉండేది నాభి దగ్గరే. మంగళయాన్ కక్ష్య ఒకచోట 421.7 కిలోమీటర్ల దగ్గరికి వచ్చి, మరోచోట 76,993.6 కిలోమీటర్ల దూరం పోయే పొడవాటి దీర్ఘవృత్తం. అంత పెద్ద విజయాన్ని బడిపిల్లలు విప్పగల ప్రశ్నగా మలిచి, అందులో కెప్లర్ నియమాన్ని పొదిగిన చేయి ఎవరిదో గానీ మంచి చేయి.

కాసేపటికి అంగారకుడి నేల మీదున్న నాసా క్యూరియాసిటీ రోవర్ నమస్తే అంటూ అభినందించింది. మంగళయాన్ అమెరికన్ యాసలో హౌడీ అని బదులిచ్చి, టచ్‌లో ఉండు, నేనిక్కడే తిరుగుతుంటాను అంది. వాళ్లు మన పలకరింపు అందుకుంటే మనం వాళ్ల పలకరింపు అందుకున్నాం. రెండు దేశాల మర్యాద, రెండు యంత్రాల స్నేహం కొద్ది మాటల్లోనే సరిపోయాయి.

వైఫల్యంలోనూ ఇదే పద్ధతి నిలబడింది. 2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్‌తో సంబంధం తెగిపోయినప్పుడు ఇస్రో చెప్పింది మూడే మాటలు: 2.1 కిలోమీటర్ల ఎత్తు వరకు అంతా సవ్యంగా సాగింది, తర్వాత సంకేతాలు ఆగాయి, సమాచారాన్ని విశ్లేషిస్తున్నాం. తెలిసింది ఎక్కడిదాకానో అక్కడే ఆగారు. ఆ నిగ్రహమే జనాన్ని ఇస్రో పక్షాన నిలబెట్టింది. నాగ్‌పూర్ పోలీసులైతే, విక్రమ్, దయచేసి బదులియ్యి, సిగ్నల్ జంప్ చేసినందుకు చలానా వెయ్యంలే అని ట్వీట్ చేశారు. దేశం దుఃఖంలో ఉండగా నవ్వించడం కత్తి మీద సాము. ఎవరినీ వేలెత్తి చూపకుండా, తమ వృత్తి భాషలోనే బెంగను చెప్పారు కాబట్టి అది నెగ్గింది.

చంద్రయాన్-3: సందేశాలు దగ్గరగా

2023 నాటికి ఈ చేయి బాగా పండింది. ఆగస్టు 5న చంద్రుడి కక్ష్యలోకి చేరినప్పుడు నౌక, ఎంఓఎక్స్, ఐస్ట్రాక్, ఇది చంద్రయాన్-3, చంద్రుడి ఆకర్షణ నాకు తెలుస్తోంది అంది. గమనించండి, ఆ మాట మనతో అనలేదు. ఆ పేర్లతో పిలిచే బెంగళూరులోని కంట్రోల్ కేంద్రానికి రేడియోలో కబురు పెడుతున్నట్టు అంది. మనం పక్కన నిలబడి విన్నాం. ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు దిగాక మాత్రం దేశాన్నే పిలిచింది: ఇండియా, నేను గమ్యం చేరాను, నువ్వూ చేరావు అని. ఎవరిని ఉద్దేశించాలో, ఎప్పుడు ఉద్దేశించాలో తెలియడం కూడా పనితనమే. ప్రతిరోజూ దేశాన్ని పిలిచి ఉంటే ఆ రోజు పిలుపుకు అంత బరువు ఉండేది కాదు.

దిగడానికి రెండు రోజుల ముందు, నాలుగేళ్లుగా తిరుగుతున్న చంద్రయాన్-2 ఆర్బిటర్ కొత్త ల్యాండర్‌కు 'వెల్‌కమ్, బడ్డీ' అని స్వాగతం పలికింది. ఆ వెంటనే రెండు సాంకేతిక వాక్యాలు: రెండింటి మధ్య రెండువైపులా సంబంధం ఏర్పడింది, ల్యాండర్‌ను అందుకోవడానికి కంట్రోల్ కేంద్రానికి ఇప్పుడు మరిన్ని దారులున్నాయి. ఒక పలకరింపు, రెండు నిజాలు. 2019లో సగమే నెగ్గిన మిషన్ మిగిల్చిన ఆర్బిటర్ కొత్త మిషన్‌కు చేయందిస్తోందని ఎక్కడా చెప్పలేదు. చెప్పకుండానే అందరికీ అర్థమైంది.

ఆగస్టు 31 నాటి వీడియో పోస్టు ఇంకో మెట్టు పైది. సురక్షితమైన దారి వెతకడానికి రోవర్‌ను తిప్పారు, ఆ తిరగడాన్ని ల్యాండర్ కెమెరా చిత్రించింది అని ముందు చెప్పారు. ఆ తర్వాత, చందమామ పెరట్లో పాప ఆడుకుంటుంటే తల్లి మురిపెంగా చూస్తున్నట్టు అనిపిస్తోంది కదూ అన్నారు. ముందు వచ్చింది నిజం, భావన వచ్చింది ఆ తర్వాతే. 'అనిపిస్తోంది' అని దాన్ని భావనగానే చెప్పారు, ఆఖర్న ప్రశ్న వేసి చదివేవాణ్ని కలుపుకున్నారు. కొలత వేరు, కవిత వేరు అని ఇంత స్పష్టంగా, ఇంత అందంగా విడదీసి చూపిన పోస్టు నేను మరొకటి ఎరగను.

ఆగస్టు 29న గంధకం కనుగొన్న వార్తలోనూ అదే క్రమశిక్షణ. గంధకం ఉందని నిస్సందేహంగా తేలింది అన్నారు. అల్యూమినియం, కాల్షియం, ఇనుము మొదలైనవి అనుకున్నట్టే కనిపించాయి అన్నారు. హైడ్రోజన్ కోసం వెతుకుతున్నాం అని ఆపారు. చంద్రుడి మీద నీటి జాడ కోసం దేశమంతా ఎదురుచూస్తున్న రోజుల్లో ఆ చివరి ముక్కను కొంచెం సాగదీస్తే పతాక శీర్షికలు వచ్చేవి. సాగదీయలేదు.

సెప్టెంబరు 2న రోవర్‌ను నిద్రపుచ్చినప్పుడు చెప్పిన మాట పీఆర్ పాఠ్యపుస్తకాల్లో ఉండదగింది. మళ్లీ మేల్కొని మరిన్ని పనులు చేస్తుందని ఆశిస్తున్నాం, లేదంటే భారతదేశపు చంద్ర రాయబారిగా ఎప్పటికీ అక్కడే ఉండిపోతుంది అన్నారు. పద్నాలుగు రోజుల చంద్ర రాత్రిలో గడ్డకట్టే చలిని ఆ పరికరాలు తట్టుకోకపోవచ్చని వాళ్లకు తెలుసు. ఆశనూ, ఆశ ఫలించకపోతే ఏమవుతుందో దాన్నీ ముందే చెప్పేశారు. సెప్టెంబరు 22న సంకేతాలు రాలేదని ప్రకటించినప్పుడు దేశం నిరాశపడింది కానీ మోసపోయామని అనుకోలేదు. విఫలమయ్యాక వెతుక్కునే సమర్థనకు, ముందే చెప్పిన సంభావ్యతకు ఎంత తేడా ఉందో ఈ ఒక్క పోస్టుతో తెలుసుకోవచ్చు.

చూడలేనివాళ్లకూ

పనిముట్లలో అందరూ చిన్నచూపు చూసేది ఆల్ట్ టెక్స్ట్. ఫొటోలో ఏముందో చూపు లేనివాళ్లకు ఫోను చదివి వినిపించే వివరణ అది. చాలా సంస్థలు అక్కడ ఫొటో అని రాసి ఊరుకుంటాయి. 2022 జూలై 12న జేమ్స్ వెబ్ టెలిస్కోపు తొలి రంగుల చిత్రాలు విడుదలైనప్పుడు బాల్టిమోర్‌లోని స్పేస్ టెలిస్కోప్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ బృందం ఒక్కో చిత్రానికి శ్రద్ధగా వివరణ రాసింది. వాటిలో ఒకదానికి: చిత్రాన్ని అడ్డంగా విభజించే ఎగుడుదిగుడు గీత, కింద మబ్బుల్లాంటి నెబ్యులా, పైన తేటగా ఉన్న భాగం, నక్షత్రాల ఆకారం, రంగు, అన్నీ వరసగా. చూపున్నవాళ్లు కూడా ఆ వివరణ చదివాకే చిత్రాన్ని సరిగ్గా చూశామన్నారు. ఎవరూ చూడని మూలలో కూడా ఇంత పనితనం పెట్టినవాళ్లకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

మన పీఆర్వోల చేతికి

ఇదంతా రాకెట్ల సంస్థలకే చెల్లుతుందనుకోనక్కర్లేదు. గోదావరికి వరద వచ్చిన ప్రతిసారీ భద్రాచలం దగ్గర ఇలాంటి సందేశాల అవసరమే పడుతుంది. అక్కడ 43 అడుగులు మొదటి ప్రమాద హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. నదికి ఇంత స్పష్టమైన కొలత మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. కావలసింది ఆ కొలత చుట్టూ ప్రజ్ఞాన్ గొయ్యి సందేశానికున్నంత కుదురు: ఏ గంటకు ఎంత నీరుంది, పెరుగుతోందా తగ్గుతోందా, ఏ రోడ్డు మూసేశారు, ఏ ఊరివాళ్లు ఎటు వెళ్లాలి, దానికి ఆ రోజు తీసిన ఫొటో. మంత్రిగారి సమీక్ష ఫొటో ఆ తర్వాత పెట్టుకోవచ్చు. కరెంటు పోయినప్పుడు విద్యుత్ సంస్థ, పైపు పగిలినప్పుడు జలమండలి, బస్సులు ఆగినప్పుడు ఆర్టీసీ ఇదే వరసలో మాట్లాడవచ్చు. అనుకున్నది ఎంత, అయినది ఎంత, మళ్లీ ఎప్పుడు ప్రయత్నిస్తాం అని మంగళయాన్ చెప్పినట్టు చెప్పవచ్చు.

ముందే రాసిపెట్టి వేళకు వదిలే పోస్టులను ప్రమాద సమయంలో ఆపేయడం, ఫలితం చేతికందేదాకా సంబరాన్ని పట్టి ఉంచడం, విఫలమైతే చెప్పాల్సిన వాక్యాన్ని విజయానికి ముందే సిద్ధం చేసుకోవడం, ఆప్యాయతకు ముందు కొలత పెట్టడం. వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త సాఫ్ట్‌వేర్ కొననక్కర్లేదు. 140 అక్షరాల చోటులో ఫీనిక్స్ బృందానికి సాధ్యమైంది, అంత ఇరుకైన హద్దు లేని ఇవాళ్టి ఫోనులో మనకు సాధ్యం కాకపోవడానికి కారణమే లేదు. నమ్మకం అనేది సంక్షోభం వచ్చిన రోజు సంపాదించుకునేది కాదు. మంగళయాన్ వేగం అనుకున్నంత పెరగని రోజున ఇస్రో చేసినట్టు, చిన్న తప్పును ఉన్నదున్నట్టు చెప్పిన మామూలు రోజుల్లోనే అది కూడుతుంది. మన తెలుగు పీఆర్వోలు ఆ మామూలు రోజు నుంచే మొదలుపెట్టాలి.